ముప్పై పక్కన ఒక ఎల్

చి. వంశీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. అప్పుల లెక్కల ప్రోగ్రాములో తేదీల భాగం నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోనులో మురిసిపోతూ చెప్పింది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తేదీ నుంచి మిల్లీసెకన్లు తీయడం ఏమంత పని? జావా భాషలో తేదీ పాత డేట్ రకంలో ఉంటే గెట్‌టైమ్ అనే ఆజ్ఞ, జావా 8తో వచ్చిన ఇన్‌స్టంట్ రకంలో ఉంటే టుఎపోక్‌మిల్లీ. 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన మొత్తం మిల్లీసెకన్లు చేతికొస్తాయి. సెకనులో మిగిలే ముక్క, అంటే 0 నుంచి 999 వరకు ఉండేది, వేరు. రెండింటినీ కలగాపులగం చెయ్యకు.

వచ్చిన సంఖ్యను పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ రకంలోనే ఉంచు. చిన్నవే పట్టే ఇంట్‌లో పెట్టావో, చెవి మెలిపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వాయిదా గడువు లెక్కగట్టే ప్రోగ్రాము రాశాను. అప్పిచ్చిన తేదీకి 30 * 24 * 60 * 60 * 1000 కలిపాను. అంతకుముందు పది రోజులు వేసి చూస్తే సరిగ్గానే వచ్చింది మరి! ముప్పై రోజులంటే 259 కోట్ల 20 లక్షల మిల్లీసెకన్లు. ఇంట్‌లో పట్టేది 214 కోట్ల చిల్లర. గుణకారం పొంగిపోయి మైనస్ 170 కోట్లకు తిరిగింది. జావా కిక్కురుమనలేదు. ముందుకు పోవలసిన గడువు పందొమ్మిది రోజులకు పైగా వెనక్కి పోయింది.

ఒక ముసలాయన వచ్చాడు. నాలుగు మడతల నోటీసు, రసీదు జేబులోంచి తీసి, బల్ల మీద అరచేత్తో సాపు చేస్తూ, "అప్పు తీసుకోకముందే గడువు దాటిందటమ్మా, ఎంత కట్టాలి?" అన్నాడు. కోప్పడనన్నా లేదు. కట్టడానికే వచ్చాడురా! ముప్పై పక్కన ఒక్క ఎల్ అక్షరం పెడితే లెక్కంతా లాంగ్‌లో జరిగేది. ఆ అరచెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఇంకొకటి. మన అర్ధరాత్రికి గ్రీనిచ్‌లో ముందురోజు సాయంత్రం 6:30. రోజు ఏ క్షణాన మొదలైందో కావాలంటే మన టైమ్‌జోన్ పేరు ఏషియా/కోల్‌కతా అని నువ్వే రాయి, సర్వర్‌ను నమ్ముకోకు.

రాత్రిళ్లు అన్నం మానేసి కూర్చుంటున్నావట, అదేం పని నాన్నా? తిని, పడుకుని, పొద్దున్నే ఎల్ లేని ఆ గుణకారంలో 30 బదులు 24 వేసి ఒకసారి, 25 వేసి ఒకసారి నడిపి చూడు. రెండు జవాబులూ నాకు పంపు.

మీ పెద్దమ్మ