నోరు తిరగనివాణ్ణి దేవుడు పిలుస్తాడా?

ప్రశ్న: గౌరవనీయులైన అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. నా వయస్సు 38 సంవత్సరాలు. ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మా నాన్నగారు మా స్వగ్రామంలో ఒక చిన్న సంఘానికి 31 సంవత్సరాలు కాపరిగా ఉండి, గత సంవత్సరం శ్రమల దినాలలో ప్రభువునందు నిద్రించారు. సంఘంలో సుమారు 45 కుటుంబాలున్నాయి. అందరూ కూలి పనులకు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పనులకు వెళ్లేవారే. నాన్నగారి తరువాత సంఘ బాధ్యత నన్ను తీసుకోమని పెద్దలు మూడుసార్లు మా ఇంటికి వచ్చి అడిగారు. ప్రార్థనకు కూర్చున్న ప్రతిసారీ ‘నేను ఎవని పంపెదను?’ అన్న వాక్యమే నా మనస్సులోకి వస్తోంది. కాని అయ్యగారూ, నాకు చిన్నప్పటినుంచి నత్తి ఉంది. తరగతిలో నల్లబల్ల మీద లెక్క చేస్తూ మాట్లాడతాను కనుక ఏదో నెట్టుకొస్తున్నాను. నాన్నగారి జ్ఞాపకార్థ కూడికలో వచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పడానికి లేచి, ‘ప్రభువు’ అనే మాట దగ్గరే ఆగిపోయాను. కలిసిన పెదవులు విడిపోలేదు. చివరికి చేతులు జోడించి కూర్చున్నాను. నా భార్య దేవుని చిత్తానికి అడ్డు చెప్పే మనిషి కాదు, అయితే తొమ్మిది, ఆరు తరగతులు చదువుతున్న పిల్లల సంగతి ఏమిటని అడుగుతోంది. ఈ భయం నా అవిశ్వాసమా? దేవుడు నా నత్తిని తీసివేసేదాకా ఆగవచ్చా? అసలు ఇది దేవుని పిలుపా, లేక నాన్నగారి మీద నాకున్న మమకారమా?
– ఒక పాఠకుడు

జవాబు: ప్రియ సోదరా, మీ ఉత్తరాన్ని నేను రెండు మూడుసార్లు చదివాను. మీరు రాసినదానిలో ఒక సంగతి మీ దృష్టికి రాలేదనిపించింది కనుక ముందుగా దానినే చెబుతాను. జ్ఞాపకార్థ కూడికలో మీ నోరు ఆగిపోవడం ఆ సంఘ పెద్దలు కళ్లారా చూశారు. చూసిన తరువాత కూడా వారు మీ ఇంటికి మూడుసార్లు వచ్చారు. మీరు దాచుకోవాలనుకుంటున్న బలహీనతను పూర్తిగా ఎరిగినవారే మిమ్మల్ని అడుగుతున్నారన్నమాట. తెలియక పిలిచారేమో, తెలిస్తే వెనక్కి తగ్గుతారేమో అనే దిగులు మీకు అవసరం లేదు.

మీ ప్రశ్నను మీకంటె ముందు దేవుని ఎదుట నిలబడి అడిగినవాడు మోషే. ‘నేను మాట నేర్పరిని కాను, నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను’ అని అతడు మండుచున్న పొద దగ్గర మొరపెట్టుకున్నాడు (నిర్గమకాండము 4:10). నిర్గమకాండము మూడు, నాలుగు అధ్యాయాలను ఒక్కసారిగా కూర్చుని చదవండి. మోషే చెప్పిన అభ్యంతరాలు మొత్తం ఐదు. నేను ఎంతటివాడను అన్నాడు; నీ పేరు అడిగితే ఏమి చెప్పాలి అన్నాడు; వారు నన్ను నమ్మరు అన్నాడు; నాకు మాటలు రావు అన్నాడు. ఈ నాలుగింటికీ దేవుడు విసుగు లేకుండా ఒక్కొక్కటిగా జవాబిచ్చాడు. ఐదోసారి మోషే, ‘నీవు పంప తలంచినవానినే పంపుము’ అన్నప్పుడు, అంటే నన్ను వదిలిపెట్టి మరొకరిని చూసుకో అన్నప్పుడు మాత్రమే ఆయనకు కోపం వచ్చిందని గ్రంథం చెబుతుంది. భయపడి ప్రశ్నలు అడిగినందుకు దేవుడు కోపపడలేదు, వెళ్లనన్నందుకు కోపపడ్డాడు. ఈ తేడాను మీరు గట్టిగా పట్టుకోవాలని నా మనవి, ఎందుకంటె మన సంఘాలలో భయం అనగానే అవిశ్వాసం అని ముద్ర వేసే అలవాటు ఉంది, ఆ ముద్ర వల్ల ఎందరో యోగ్యులైన సోదరులు, సోదరీమణులు తమను తాము పనికిరానివారిగా ఎంచుకొని వెనుక బెంచీలలోనే ఉండిపోయారు. అపొస్తలుడైన పౌలు తాను కొరింథువారి దగ్గరికి ‘బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను’ వచ్చానని స్వయంగా రాసుకున్నాడు. గెత్సేమనే తోటలో మన ప్రభువే ఈ గిన్నెను తొలగించుమని తండ్రిని వేడుకొని, ఆ తరువాతనే ‘నీ చిత్తమే’ అన్నాడు. భయం ఉన్నచోట కూడా విధేయత ఉండగలదనడానికి ఇంతకంటె గొప్ప సాక్ష్యం నాకు తెలియదు.

ఇక నత్తి పోయేదాకా ఆగవచ్చా అన్న ప్రశ్న. మోషే నాలుకను దేవుడు ఆ కొండ మీదనే సరిచేసి ఉండవచ్చు. ‘మానవునకు నోరిచ్చినవాడు ఎవడు?’ అని అడిగినవాడికి అది అసాధ్యం కాదు. అయినా చేసినట్టు ఎక్కడా రాయబడలేదు. ‘వెళ్లుము, నేను నీ నోటికి తోడైయుండి’ అన్నాడే తప్ప, నీ నోరు బాగుచేస్తాను, ఆ తరువాత వెళ్లు అనలేదు. అంతేకాదు, మోషేకు బదులుగా ప్రజలతో మాట్లాడవలసిన అతని అన్నయ్య అహరోను గురించి దేవుడు ఏమన్నాడో గమనించండి: ‘ఇదిగో అతడు నిన్ను ఎదుర్కొనవచ్చుచున్నాడు.’ మోషే ఇంకా కొండ మీద వాదిస్తూ ఉండగానే అతనికి కావలసిన సహాయం ఐగుప్తు నుంచి దారి పట్టింది! అయితే అన్నదమ్ములిద్దరూ కలుసుకున్నది మోషే బయలుదేరిన తరువాతనే.

సూచన విషయం కూడా అలాగే ఉంది. నేను నిన్ను పంపాననడానికి ఇది సూచన అని చెప్పి దేవుడు మోషేకు ఇచ్చిన మాట ఏమిటి? ప్రజలను ఐగుప్తునుంచి తీసుకొని వచ్చిన తరువాత మీరు ఈ పర్వతం మీద నన్ను సేవిస్తారు అని (3:12). అంటే ఆ సూచన కనబడేది పని జరిగిన తరువాత. మనమేమో సూచన ముందు కావాలంటాము, అడుగు తరువాత వేస్తామంటాము. మీ జిల్లాలోనే దీనికి ఒక గుర్తు ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ ఎక్కి అమెరికా బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, వారితో కూడా కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపుమని ప్రార్థించారు. అప్పటికి తెలుగువారి మధ్య వారు నడుపుతున్న మిషనును మూసివేయాలా అని అమెరికాలో చర్చలు జరుగుతున్నాయి. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ దిగిన ఆ ఉదయాన వారి చేతిలో ఏ సూచనా లేదు. పన్నెండేళ్లు వారు మామూలు పనులే చేసుకుంటూ గడిపారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నాకు 29 ఏళ్లప్పుడు, బస్సు ఆగేచోటు నుంచి చాలా దూరం నడిచి వెళ్లవలసిన ఒక గ్రామానికి కాపరిగా వెళ్లమని మా పెద్దలు అడిగారు. నేను వెళ్లనని అనలేదు. ప్రార్థిస్తున్నానని చెప్పాను. దేవుని చిత్తానికి గుర్తు కావాలని బైబిలులో గిద్యోను రాత్రివేళ ఉన్ని పరచినట్టు నేనూ ఒకదాని వెనుక ఒకటి గుర్తులు అడిగాను. ఒకటి నెరవేరితే అది యాదృచ్ఛికమేమో అని మరొకటి అడిగాను. ఎనిమిది నెలలు అలా గడిచాయి, ఇంతలో వారు వేరొక సోదరుణ్ణి పంపారు. రెండేళ్ల తరువాత ఒక భూస్థాపన కోసం ఆ ఊరికి వెళ్లినప్పుడు, ఒక వృద్ధురాలు నాకు మజ్జిగ ఇచ్చి, మందిరం పక్కనున్న గదిని చూపించి, ‘అయ్యా, మీరొస్తారని ఆ గదికి సున్నం కొట్టించాము, మంచానికి కొత్త నవారు అల్లించాము’ అని చెప్పింది. ఆమె నన్ను నిందించలేదు. నేను గుర్తుల కోసం ఆకాశం వైపు చూస్తున్న నెలలన్నీ ఆ గది నాకోసం ఎదురుచూస్తూనే ఉంది. గిద్యోను చరిత్ర దేవుని ఓర్పును చూపడానికి రాయబడిందే గాని, మనం అనుసరించవలసిన పద్ధతిగా రాయబడలేదని నేను అప్పటినుంచి నమ్ముతున్నాను.

అయితే, వెంటనే వెళ్లిపొండి అని నేను మీకు చెప్పడం లేదు. మీ మూడో ప్రశ్న చాలా న్యాయమైనది. తండ్రి కాపరి అయినంత మాత్రాన కుమారుడు కాపరి కావాలని వాక్యంలో లేదు. సమూయేలు కుమారులు తండ్రి మార్గంలో నడవలేదు. నాన్నగారు కూర్చున్న కుర్చీ ఖాళీగా కనబడితే కలిగే బాధ ఒకటి, ఆ ప్రజల మీద కలిగే భారం మరొకటి. మీకు మీరే నిదానంగా ఈ ప్రశ్న వేసుకోండి: ఆ గ్రామం మీ స్వగ్రామం కాకపోయి, ఆ మందిరం నాన్నగారు కట్టినది కాకపోయి ఉంటే, ఆ 45 కుటుంబాల కోసం మీ మనస్సు ఇలాగే కదిలి ఉండేదా? వారిలో ఎవరి పిల్లవాడు బడి మానేశాడో, ఎవరి ఇంట్లో జబ్బు ఉందో తెలుసుకోవాలని మీకు అనిపిస్తోందా? నాన్నగారి జ్ఞాపకం మాత్రమే మిమ్మల్ని లాగుతున్నట్లయితే అది తప్పు కాదు గాని, దాని బలంతో ఎక్కువ కాలం కాపరిగా ఉండలేరు. అంతియొకయ సంఘం బర్నబాను, పౌలును పంపినప్పుడు ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి పంపింది. పిలుపు ఒక మనిషి గుండెలో మొదలైనా దానిని సంఘం కూడా వినాలి. మీ విషయంలో పెద్దలు ఇప్పటికే విన్నారు. ఇంకా వినవలసిన వ్యక్తి ఒకరున్నారు. ఆమె మీ భార్య.

పిల్లల సంగతి ఏమిటన్న ఆమె ప్రశ్నను దయచేసి ఆటంకంగా చూడకండి. నెల నెలా ఇంటి ఖర్చు చూసుకొనే మనిషి అడిగిన ప్రశ్న అది, దానికి మీరు కాగితం మీద లెక్క వేసి జవాబు చెప్పాలి. లెక్కల మాస్టారికి నేను అంతకంటె చెప్పనవసరం లేదు. ఉద్యోగం మానివేయమని ఎవరు చెప్పినా ఇప్పుడు వినకండి. పౌలు కొరింథులో డేరాలు కుడుతూ వాక్యం చెప్పాడు. కూలి చేసుకొనే 45 కుటుంబాల కానుకల మీద ఒక కుటుంబం బతకాలంటే ఇరువైపులా భారమే అవుతుంది. ప్రభుత్వోద్యోగిగా మీ సేవా నిబంధనలలో అనుమతి అవసరమైనది ఏదైనా ఉంటే దానిని ముందే కనుక్కొని, చీటీలో రాసినంత స్పష్టంగా పెద్దలకు చెప్పండి. ఆరు నెలలపాటు ఆదివారాలు మాత్రమే వెళ్లిరండి. భార్యాపిల్లలను మొదటి ఆదివారమే తీసుకువెళ్లండి, వారు ఇంటి దగ్గర కూర్చుని ఊహించుకొనే కష్టం కంటె అక్కడ చూసే కష్టం చిన్నదిగా ఉండవచ్చు. పెద్దదిగా ఉన్నా, కనీసం కలిసి చూసినట్టవుతుంది.

నత్తి విషయం కూడా కొంచెం విప్పి చెప్పాలి. స్పీచ్ థెరపిస్టును కలవండి. చికిత్స తీసుకోవడం విశ్వాసానికి విరుద్ధమని ఎవరైనా అంటే లెక్క చేయకండి. నత్తి ఉన్నవారిలో చాలామందికి పాట పాడేటప్పుడు, నలుగురితో కలిసి ఒక్క గొంతుగా చదివేటప్పుడు మాట ఆగదు. మీరు కీర్తన పాడేటప్పుడు ఎలా ఉంటుందో మీకే తెలుసు. కాబట్టి ఆరాధనలో వాక్యభాగాన్ని సంఘమంతటితో కలిసి చదవండి. చదువురాని పెద్దవారికి ఒక్కొక్క వచనం చెప్పించి పలికించండి. ప్రసంగం ముప్పావుగంట ఉండాలన్న నియమం ఏ గ్రంథంలోనూ లేదు, పది నిమిషాలు చాలు. మిగిలిన సమయంలో ఒక సోదరి సాక్ష్యం చెప్పవచ్చు, ఒక పెద్ద ప్రార్థించవచ్చు. మీ సంఘంలో అహరోను ఎవరో వెతకండి, తప్పక ఉంటారు. మీ మాట ఆగినచోట ఆగండి, సంఘం కూడా మీతో ఆగుతుంది. వేగంగా మాట్లాడే కాపరులు చాలామంది ఉన్న ఈ రోజుల్లో, ఒక్కొక్క మాటకు వెల చెల్లించి పలికే కాపరి మాటను ప్రజలు ఎంత జాగ్రత్తగా వింటారో మీరు చూస్తారు.

ఈ సందర్భంలో నాకు అజరయ్య బిషప్పుగారు గుర్తుకు వస్తున్నారు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడాయన. భారతీయులే భారతీయులకు సువార్త తీసుకువెళ్లాలని 1903లో అక్కడ ఒక మిషనరీ సంఘం ఏర్పడడానికి ముఖ్యుడై, ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు సేవకులను పంపుతూ ఉండగా, ఇతరులను వెళ్లమని చెప్పడంతో ఆగక, 1909లో అభిషేకం పొంది తానే అక్కడికి వచ్చాడు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు, ఇంచుమించు మీ వయస్సే. తెలుగు ఆయన మాతృభాష కాదు. వేదికల మీద ధారాళంగా మాట్లాడగలిగిన మనిషి, పల్లె ప్రజల ఎదుట పరాయి భాషలో అక్షరం అక్షరం కూడబలుక్కోవలసి వచ్చింది. 1912 డిసెంబరు 29న ఆయన డోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా ప్రతిష్ఠ పొందినప్పుడు, ఒక భారతీయుడికి ఆ పని అప్పగించవచ్చా అని అభ్యంతరపెట్టినవారు కూడా ఉన్నారు. 1945లో మరణించేదాకా ఆయన ఆ ప్రజల మధ్యనే ఉన్నారు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేత తలమీద చేయి పెట్టించి, నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ అని పలికించేవారని చెబుతారు. అలా పలికినవారిలో చాలామందికి చదువు లేదు, సభలో మాట్లాడిన అనుభవం అంతకంటె లేదు. ఆ నోళ్ల ద్వారానే పల్లె నుంచి పల్లెకు వాక్యం వెళ్లింది.

మోషే సంగతికి మళ్లీ వస్తాను. నాకు మాటలు రావు అన్నప్పుడు అతనికి 80 ఏళ్లు. ద్వితీయోపదేశకాండము తెరిస్తే, నలభై ఏళ్ల తరువాత అదే మనిషి యొర్దాను అవతల నిలబడి ఇశ్రాయేలీయులందరితో మాట్లాడుతూ కనిపిస్తాడు. ఆ గ్రంథంలో అధిక భాగం అతని మాటలే. ఆ మాటలు పలికేటప్పుడు అతని నాలుక ఎక్కడెక్కడ ఆగిందో గ్రంథంలో లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం మీరు, మీ భార్య, పిల్లలు కలిసి ఆ మందిరానికి వెళ్లండి. ప్రసంగం చేయవద్దు. నాన్నగారు వాడిన బైబిలు మీ దగ్గర ఉంటే తీసుకువెళ్లి, 121వ కీర్తనను సంఘంతో కలిసి చదవండి. ఆ తరువాత ఏమి జరిగిందో నాకు రాయండి, మీ భార్య కూడా తన మాటగా నాలుగు వాక్యాలు రాస్తే సంతోషిస్తాను. మీ నలుగురి పేర్లు నా ప్రార్థనలో ఉంటాయి.