ఇంట్లో గోల్ఫ్ సాధన చేస్తే నీళ్లు ఆపేస్తారా?

ప్రశ్న: విజయనగరం తోటపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటులో అద్దెకుంటున్నాం. మా నాన్నగారు రిటైరయ్యాక గోల్ఫ్ నేర్చుకున్నారు. రోజూ విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ దాకా వెళ్లి రాలేక, చుట్టచుట్టి దాచుకునే పది అడుగుల పట్టింగ్ మ్యాట్ (బంతిని దొర్లించి కప్పులో వేసే సాధనకు వాడే పట్టా) తెప్పించుకుని హాల్లోనే సాధన చేస్తున్నారు. నిద్ర పట్టకపోతే రాత్రి పదకొండు దాటాక కూడా ఆడుతుంటారు. కింది ఫ్లాటువాళ్లు రెండుసార్లు చెప్పారు, మేం అంతగా పట్టించుకోలేదు. ఇప్పుడు అసోసియేషన్ లెటరిచ్చింది: వారంలోగా మ్యాటు తీసేయాలట, లేదంటే ఐదు వేలు జరిమానా, నీళ్లు బంద్, పోలీసు కేసు. ఓనరు ఖాళీ చేయమంటారేమోనని కూడా భయంగా ఉంది. మా ఇంట్లో మేం ఆడుకోవడం నేరమా?

— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: నేరం కాదు. మీ హాల్లో మీ నాన్నగారు బంతి దొర్లించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ రాత్రిపూట ఆట మాత్రం ఈ రోజు నుంచే ఆపించండి. ఆ ఒక్క పని చేస్తే మిగతా విషయాలన్నిటిలో న్యాయం మీవైపే నిలబడుతుంది.

పోలీసుల భయం ముందు తీర్చేస్తాను. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ చెప్పే పబ్లిక్ న్యూసెన్స్ అంటే ప్రజలకో, చుట్టుపక్కల జనానికో మొత్తంగా కలిగే ఇబ్బంది. కింద ఒక్క ఇంటికి వినపడే చప్పుడు మామూలుగా దాని కిందికి రాదు. వచ్చిందనే అనుకున్నా, 292వ సెక్షన్ కింద శిక్ష వెయ్యి రూపాయల వరకు జరిమానా. పైగా మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని తరహా నేరం అది. స్టేషన్‌కి రమ్మంటే వెళ్లి మర్యాదగా జరిగింది చెప్పండి, చాలు.

అసలు ఆలోచించాల్సింది సివిల్ కోర్టు సంగతి. పక్కింటివారి ప్రశాంతతకు అదేపనిగా భంగం కలిగిస్తే అది ప్రైవేటు న్యూసెన్స్. నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 38వ సెక్షన్ కింద కింది ఫ్లాటువాళ్లు ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగవచ్చు. అప్పుడు జడ్జిగారు చూసేవి: ఏ వేళలో, ఎంతసేపు, ఎన్నాళ్లుగా, మామూలు మనిషికి అది నిజంగా భరించలేనిదా, చెప్పిన తర్వాత వీళ్లేం చేశారు అని. మధ్యాహ్నం అరగంట ఆటను ఏ కోర్టూ ఆపుతుందనుకోను. రాత్రి పదకొండు తర్వాత అయితే మీ పక్షాన వాదించడం నాకూ కష్టమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆ అంకెలు ప్రాంతం మొత్తానికి పెట్టినవే తప్ప స్లాబులోంచి కిందికి దిగే చప్పుడుకు కాదు. అయినా ఏ వేళను రాత్రి అనాలో చూడడానికి అవే ఆధారమవుతాయి. 'రెండుసార్లు చెప్పారు, పట్టించుకోలేదు' అన్న మీ మాట కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

ఇక అసోసియేషన్. అది సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైనా, పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995 కింద రిజిస్టరైనా, దాని అధికారం బైలాస్ (అది తనకు రాసుకున్న నియమావళి) దాటి పోదు. జరిమానా వేసే నిబంధన బైలాస్‌లో ఉండాలి, వేసే ముందు మీ మాట వినాలి. అద్దెకున్నవారు సాధారణంగా సభ్యులు కారు, కాబట్టి వసూలు చేసుకోవాలన్నా ఓనరు ద్వారానే. ఏ నిబంధన కింద ఐదు వేలో రాతపూర్వకంగా అడగండి.

నీళ్లు ఆపేస్తామన్న మాట మాత్రం చాలా తప్పు. పెద్దాయన ఉన్న ఇంటికి బంతి చప్పుడు సాకుగా వాల్వు కట్టేయడం ఏ కమిటీకీ తగదు. అలా చేయబోతున్నారని తెలిస్తే సివిల్ కోర్టులో దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ కోరవచ్చు. అప్పటికే కట్టేస్తే మళ్లీ వదలమని ఆదేశించే అధికారం కూడా కోర్టుకుంది. ఒక్క జాగ్రత్త: మెయింటెనెన్స్ బాకీ ఉంచకండి. ఎదుటి లాయరు మొదట లేవనెత్తేది అదే.

ఓనరు మిమ్మల్ని ఉన్నపళంగా పంపలేరు. నెలవారీ అద్దె అయితే, అగ్రిమెంటులో వేరే గడువు లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసివ్వాలి. ఆ తర్వాత కూడా ఖాళీ చేయకపోతే కోర్టుకు వెళ్లాలే గానీ తాళం వేయకూడదు. అయితే తోటి నివాసులకు న్యూసెన్స్ కలిగించడాన్ని ఖాళీ చేయించడానికి ఒక కారణంగా ఓనరు చూపవచ్చు. మీ నాన్నగారు పిల్లలకు ఫీజు తీసుకుని నేర్పడం మొదలుపెడితే, ఇల్లు వేరే పనికి వాడుతున్నారన్న గొడవ కూడా తోడవుతుంది. ఆ పని వద్దు.

కోర్టు దాకా పోకముందే ఒక సాయంత్రం మీరు కింది ఫ్లాటుకు వెళ్లి, వాళ్ల పడకగదిలో కూర్చుని, పైన నాన్నగారిని ఆడమనండి. మ్యాటు మీద బంతి దొర్లుతున్నంతసేపూ ఏమీ వినపడదు. గురి తప్పిన బంతి అంచు దాటి టైల్స్ మీద పడి టక్, టక్‌మని ఎగిరి, గోడ స్కర్టింగ్‌కు కొట్టుకుంటుంది. నలభై ఆరు గ్రాములైనా లేని బంతి, అర్ధరాత్రి నిశ్శబ్దంలో కింద సుత్తి దెబ్బలా వినపడుతుంది. మ్యాటు కింద మందపాటి రబ్బరు షీటు, చివర గోడకు మడతపెట్టిన బొంత, ప్లాస్టిక్ కప్పు అడుగున గుడ్డ పెడితే చప్పుడు చాలావరకు తగ్గుతుంది. ఇవన్నీ పెట్టాక ఫొటోలు తీసి ఉంచండి.

అప్పటికీ కింది ఇంటివారు ఒప్పుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలనూ కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి అవార్డు (రాజీ తీర్పు) ఇస్తే దానిపై అప్పీలు లేదు కనుక సంతకం ముందు షరతులు జాగ్రత్తగా చదవండి.

అసోసియేషన్‌కు జవాబు ఇలా రాయండి: 'ఉదయం తొమ్మిదికి ముందు, రాత్రి ఎనిమిది తర్వాత సాధన చేయము. చప్పుడు తగ్గించే ఏర్పాట్లు చేశాము, వచ్చి చూడవచ్చు. జరిమానాకు ఆధారమైన బైలాస్ నిబంధన తెలియజేయగలరు. నీటి సరఫరా ఆపితే చట్టప్రకారం చర్య తీసుకుంటాము.' రెండు కాపీలు తీసి, ఒకదాని మీద సెక్రటరీ చేత తేదీతో సంతకం పెట్టించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, ఓనరుకూ ఒక కాపీ ఇవ్వండి.