రెన్యూవల్ డబ్బు తీసుకుని కట్టని డొమైన్ రీసెల్లర్‌పై చర్య ఎలా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఇంట్లో చేసిన పూతరేకులను సొంత వెబ్‌సైటులో అమ్ముకుని బతుకుతున్నాను. నాన్నగారి పేరు కలిసిన డాట్ కామ్ డొమైన్‌ను రాజమండ్రిలో ఒక రీసెల్లర్ దగ్గర తీసుకున్నాను. ఈసారి రెన్యూవల్ డబ్బు యూపీఐలో పంపినా ఆయన కట్టలేదు. నెల దాటింది, సైటు, మెయిలు ఆగిపోయాయి. నాకు నోటీసు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు పన్నెండు వేలు అడుగుతున్నాడు, వేరేచోటికి మార్చుకోనివ్వడం లేదు. ఇక్కడి రీసెల్లర్లందరిదీ ఒకటే రేటు, నాసిరకం సేవ. కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లవచ్చా? అతని ప్యానెల్ పాస్‌వర్డ్ మా డిజైనర్‌కు తెలుసు, దానితో డొమైన్‌ను మేమే తీసుకోవచ్చా?

జవాబు: డొమైన్ రికార్డులో రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ నమోదు చేసుకున్న వ్యక్తిగా, ఎవరి పేరు ఉందన్నదే ఈ కేసును తేల్చే అంశం, దాన్ని మాత్రం మీరు రాయలేదు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ (ICANN) లుకప్ పేజీలో ఈ రోజే చూడండి. 2018 నుంచి వ్యక్తుల వివరాలు చాలావరకు దాచి చూపుతున్నారు గనుక పేరు కనిపించకపోవచ్చు. అయినా రిజిస్ట్రార్ (మీ రీసెల్లర్ ఏ కంపెనీ డొమైన్లు అమ్ముతున్నాడో ఆ కంపెనీ) ఎవరో, స్టేటస్ ఏమిటో తెలుస్తాయి. గడువు తేదీ వచ్చే ఏడాదికి మారి కనిపిస్తే రెన్యూ అయిపోయిందని పొరబడకండి. గడువు తీరగానే రిజిస్ట్రీయే (డాట్ కామ్ పేర్లన్నిటి మూల జాబితా నడిపే వెరిసైన్ సంస్థ) ఏడాది పొడిగించి, దాన్ని రద్దు చేసుకునేందుకు రిజిస్ట్రార్‌కు 45 రోజులు ఇస్తుంది. రద్దయితే 30 రోజుల రిడెంప్షన్ (రుసుము కట్టి పేరు వెనక్కి తెచ్చుకునే గడువు), ఆపైన 5 రోజుల పెండింగ్ డిలీట్ (ఇక వెనక్కి తెచ్చుకోలేని దశ), ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ మీకు రెండేళ్లు ఇచ్చింది గానీ, పేరు దక్కించుకోవడానికి మిగిలినవి కొద్ది రోజులే.

నోటీసులు రాలేదంటున్నారు. రిజిస్ట్రార్ గడువుకు నెల ముందు, వారం ముందు, గడువు తీరిన ఐదు రోజుల్లోపు నోటీసులు పంపి తీరాలి. అవి రికార్డులోని మెయిలుకే వెళ్తాయి. అక్కడ మీరు రీసెల్లర్ మెయిలే ఇచ్చి ఉంటారని నా అనుమానం. వ్యాపారమంతా ఒక పేరు మీద నిలబెట్టుకుని, ఆ పేరు ఎవరి ఖాతాలో ఉందో ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడకపోవడం నిర్లక్ష్యమే.

ప్యానెల్‌లోకి చొరబడే ఆలోచన తక్షణం మానండి. మీ సొంత కస్టమర్ లాగిన్ వాడుకోవచ్చు. రీసెల్లర్ ప్యానెల్‌లోకి అనుమతి లేకుండా వెళ్లి డొమైన్‌ను మార్చుకుంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇవాళ ఫిర్యాదుదారుగా ఉన్న మీరు రేపు ముద్దాయి అవుతారు, లాగిన్ వివరాలే అతనికి సాక్ష్యమవుతాయి.

కాంపిటీషన్ కమిషన్ వల్ల మీకు ఒరిగేది లేదు. ఊళ్లోని చిన్న రీసెల్లర్‌కు కాంపిటీషన్ చట్టం 4వ సెక్షన్ చెప్పే మార్కెట్ ఆధిపత్యం ఉండదు. రేట్లు ఒకేలా ఉన్నంత మాత్రాన కుమ్మక్కు రుజువు కాదు, ఎందుకంటే అందరి కింద ఉన్న టోకు ధర ఒక్కటే. డాట్ కామ్‌కు వెరిసైన్ 2024 సెప్టెంబర్‌లో దాన్ని 10.26 డాలర్లకు పెంచింది. సేవ నాసిగా ఉందన్న ఫిర్యాదుకు తగిన చోటు రిజిస్ట్రార్. ఐకాన్‌తో 2013 నాటి ఒప్పందం ప్రకారం, రీసెల్లర్ ద్వారా అమ్మినా బాధ్యత రిజిస్ట్రార్‌దే. రెన్యూవల్, రిడెంప్షన్ రుసుములను రీసెల్లర్ సైటులో కూడా చూపించేలా చూడాలి. పన్నెండు వేలు అందులో ఉందో లేదో పోల్చి చూసి స్క్రీన్‌షాట్ తీయండి. పైగా కస్టమర్ డబ్బు కట్టేసినప్పుడు, రీసెల్లర్ తమకు బాకీ ఉన్నాడన్న సాకుతో రిజిస్ట్రార్ ట్రాన్స్‌ఫర్‌ను ఆపడానికి వీల్లేదు.

రికార్డులో పేరు మీదైతే, యూపీఐ రిఫరెన్స్ నంబరు, గుర్తింపు పత్రం జోడించి ఈ రోజే రిజిస్ట్రార్‌కు రాయండి. పునరుద్ధరణ రుసుము అడిగితే, హక్కులు వదులుకోకుండా కడుతున్నానని రాతపూర్వకంగా తెలిపి కట్టేయండి. డబ్బు తర్వాత రాబట్టుకోవచ్చు. పేరు రీసెల్లర్‌దైతే దారి కష్టం. డొమైన్ పేరుకూ పాసింగ్ ఆఫ్ (ఒకరి వ్యాపార పేరును మరొకరు తమదిగా చలామణీ చేయడం) నుంచి రక్షణ ఉందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది గనుక సివిల్ కోర్టులో తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరాలి. మీ నాన్నగారి పేరుకు మార్కెట్లో గుర్తింపు ఉందని బిల్లులు, ప్యాకెట్లతో చూపించగలగాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఆ మాటలపై మీ ఒక్కరికే హక్కు రాదు.

పరిహారానికి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. వ్యాపారం కోసం కొన్నారు గనుక మీరు వినియోగదారు కారని అతను వాదిస్తాడు. స్వయం ఉపాధితో బతుకుతున్నారని చూపితే అదే 2019 చట్టం 2(7) సెక్షన్ వివరణ మిమ్మల్ని కాపాడుతుంది. వాట్సాప్ సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి, ఆ ఫోన్‌ను మార్చకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం దాని ఆధారంగానే ఇవ్వాలి.

డొమైన్ చేతికొచ్చాక వేరే రిజిస్ట్రార్‌కు మార్చాలనుకుంటే ఆథ్ కోడ్ (బదిలీకి కావలసిన రహస్య కోడ్) అడగండి, ఐదు రోజుల్లో ఇవ్వాలి. ముందే రిజిస్ట్రెంట్ పేరో మెయిలో మారిస్తే 60 రోజులు బదిలీ కుదరకుండా లాక్ పడవచ్చు. అది పడకుండా వెసులుబాటు ఉందేమో మార్చే ముందే రిజిస్ట్రార్‌ను అడిగి, జవాబు మెయిలులో తీసుకోండి.