క్రేఫిష్ ప్లేగును చూపుతో తేల్చవచ్చా?

హైదరాబాద్‌లో అక్వేరియం కోసం కొన్న ఎర్ర క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) చలాకీగానే ఉంది కాబట్టి దానికి క్రేఫిష్ ప్లేగు అనే తెగులు లేదనుకోవచ్చా అని అడిగారు. అనుకోలేం. ఈ తెగులుకు కారణమైన అఫనోమైసెస్ అస్టాసి శిలీంధ్రంలా కనిపించినా, నిజానికి నీటిబూజు వర్గానికి చెందిన జీవి. ఎర్ర క్రేఫిష్ వంటి ఉత్తర అమెరికా రకాలు దానిని పెంకులో మోస్తూ ఆరోగ్యంగానే తిరుగుతాయి, 1859లో ఇటలీలో బయటపడిన నాటి నుంచి కుప్పలుగా చచ్చినవి ఐరోపా రకాలు.

పరీక్షకు సాధారణంగా పొట్ట కింది మెత్తని పెంకు నుంచి చిన్న ముక్క కోసి, ఇథనాల్‌లో భద్రపరచి, డీఎన్‌ఏను వెలికితీసి, అందులో ఈ జీవికి చెందిన ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం ఉందేమో రియల్ టైమ్ పీసీఆర్‌తో (డీఎన్‌ఏ నకళ్లను పెంచుతూ గుర్తించే పరీక్షతో) చూస్తారు. వాగుల్లోనైతే నీటినే వడగట్టి, వడపోతలో చిక్కిన డీఎన్‌ఏను వెతుకుతారు. అయితే ఇన్ఫెక్షన్ స్వల్పంగా ఉంటే కోసిన ముక్కలో అది దొరక్కపోవచ్చు, కనుక ఒక్క నెగెటివ్ ఫలితాన్ని నేనైతే నమ్మను.