పెరటి తోట: చామంతికి చీకటీ కావాలి

ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ చామంతి మీదే. అందుకని మిగతా మొక్కలు వచ్చే సంచికకు.

మా వీధి గోడవార చామంతి మోకాలెత్తు పెరిగింది గానీ కార్తీకం పోయినా మొగ్గ లేదు. అవే పిలకలు పెరట్లో వేస్తే విరగబూశాయి. ఎరువు రెండు చోట్లా ఒకటే. ఏ మందు కొట్టాలి? – పాఠకురాలు, పర్లాకిమిడి

మందు వద్దమ్మా. రాత్రి తొమ్మిదింటికి ఆ గోడ దగ్గర నిలబడి చూడండి. వీధి దీపం వెలుగు ఆకుల మీద పడుతుంటే మీ జబ్బు అదే.

పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లోనే చామంతి మొగ్గ తొడుగుతుంది. మీ వైపు జూన్ నెలాఖరులో పగలు దాదాపు 13 గంటల పావు, డిసెంబరు నెలాఖరుకి 11 గంటలు. ఈ తేడాను పసిగట్టేవి ఆకులే. రాత్రంతా దీపం పడితే వాటికి రాత్రి పెరిగినట్టే తెలియదు. మొక్క కొమ్మలూ ఆకులూ వేసుకుంటూ పోతుంది. వెన్నెలతో బెడద లేదు, అంత వెలుగు దానికి ఒక లెక్క కాదు. పూత వెనక్కి జరగాలనుకున్న చామంతి రైతులు కావాలనే చేలో అర్ధరాత్రి బల్బులు వెలిగిస్తారు. మీ గోడవార ఆ పని వీధి దీపమే చేసిపెడుతోంది.

కుండీలైతే సెప్టెంబరు మధ్యలోనే పెరట్లోకి జరపండి. నేలలో ఉంటే నాలుగు కర్రలు పాతి, సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఏడు దాకా మందపాటి నల్లగుడ్డ కప్పండి. మొగ్గలో రంగు కనిపించేదాకా ఇది రోజూ పనే. ప్లాస్టిక్ పట్టా వద్దు, లోపల చెమ్మ పట్టి ఆకు కుళ్లుతుంది. పగలు ఐదారు గంటల ఎండ మాత్రం తగ్గకూడదు. నిజం చెప్పాలంటే ఇంత అవస్థ ఎందుకు? ఆ గోడవార మందారం వేసి, చామంతిని పెరట్లోనే ఉంచడం నయం.

బరంపురం నర్సరీలో చామంతి అడిగితే సేవతి అని ఇచ్చారు. రెండూ ఒకటేనా?

ఒకటే, ఒడియాలో చామంతిని సేవతి అంటారు. గెండు అని ఇస్తే మాత్రం అది బంతి. ఒక్క కాపుతో సరి, పిలకలు వేయదు.

పూలయ్యాక మొక్క పీకేసి ఏటా కొత్తవి కొంటున్నాం. పిలకలు నిలబెట్టుకోవడం ఎలా? – పాఠకుడు, గుణుపూర్

పీకకండి. జనవరి ఆఖరుకో ఫిబ్రవరిలోనో, పూలు వాడిన కాడల్ని నేల నుంచి నాలుగైదు అంగుళాలు ఉంచి కోసేయండి. మొక్క మొదట్లో దోసెడు చివికిన పశువుల ఎరువు వేస్తే రెండు మూడు వారాల్లో చుట్టూ పిలకలు లేస్తాయి. గండమల్లా వేసవే. ఉదయం ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటికి మార్చండి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. ఎండకు వాడిందని రోజూ మూడుపూటలా పోస్తారు, అక్కడే వేరు కుళ్లి చస్తుంది.

మృగశిర కార్తెలో వానలు పడ్డాక దుబ్బు మొత్తం తవ్వి తీయండి. నడుమ చెక్కబారిన పాత మొదలు పారేయండి. జాలిపడి దాన్నే నాటితే ఏటికేడు పువ్వు చిన్నదవుతుంది. అంచున వేళ్లతో ఉన్న పిలకల్ని విడదీసి, నేలలో అడుగు ఎడంగా, లేదా 10 అంగుళాల కుండీకి ఒకటి చొప్పున నాటండి. కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి. మెడ, అంటే కాడా వేరూ కలిసే చోటు, లోతుగా పూడ్చొద్దు.

పిలకలు చాలకపోతే, లేత చివర్లు మూడంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి తడి ఏటి ఇసుకలో నీడన గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది.

మొక్క ఆరంగుళాలు ఎదిగాక చివరి అంగుళం గిల్లేయండి. పక్క కొమ్మలు వచ్చి అంతే ఎదిగితే వాటినీ గిల్లండి. మఖ కార్తె, అంటే ఆగస్టు ఆఖరు దాటాక గిల్లొద్దు, పూత వెనకబడి తగ్గిపోతుంది. ఆలోపే కర్ర ఊతం కట్టుకోండి. 2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబరులోనే కదా.

కింది ఆకులు నల్లమచ్చలు పడి ఎండుతున్నాయి. తెగులు పైపైకి పాకుతోంది. – పాఠకురాలు, కోరాపుట్

అడుగున ఒకటి రెండు ఆకులు పండితే అది వయసు, వదిలేయండి. మచ్చలు పైకి పాకుతుంటే ఆకుమచ్చ తెగులు. వానకూ, పైనుంచి పోసే నీళ్లకూ మట్టి చింది, దానితోపాటు తెగులు ఆకుకు అంటుకుంటుంది. మచ్చల ఆకులు ఏరి కాల్చేయండి. మొక్క మొదట్లో వరిగడ్డి పరిచి, నీళ్లు పొద్దున్నే మొదటికే పోయండి. అప్పటికీ ఆగకపోతే లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి, ఆకు అడుగు కూడా తడిసేలా, పది పన్నెండు రోజుల ఎడంతో రెండుసార్లు కొట్టండి.

చలి మొదలయ్యాక చీమలు కాడ వెంట ఎక్కుతుంటే మొగ్గ కింద వెతకండి, పేనుబంక అక్కడే గుంపు కడుతుంది. ముందు నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి. మళ్లీ కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.