ఆదివారం అద్దం, మంగళవారం కుడితి

ప్రశ్న: మేము చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. మా బాబు పోరు పడలేక కొళత్తూరు వెళ్లి రెండడుగుల అక్వేరియం, మూడు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాం. ప్రతి ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు సబ్బుతో రుద్ది, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద మురికంతా పోయేదాకా పిండుతున్నాం. సాయంత్రానికి అద్దంలా ఉంటుంది, మంగళవారానికి బియ్యం కడిగిన నీళ్లే! నిన్న ఒక చేప చచ్చిపోయింది. ఇంకెంత శుభ్రం చేయాలండీ?

జవాబు: ఇంకా చేయడం కాదమ్మా, తగ్గించాలి. మీ చేప మురికి వల్ల కాదు, ఈ కడుగుడు వల్లే పోయి ఉంటుంది.

చేపల రెట్ట, మిగిలిపోయిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, అది చేపకు విషం. స్పాంజిలో, రాళ్ల మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం బాగా పేరుకుంటే తప్ప ఏమీ చేయదు. మీరు అసహ్యపడి పిండేస్తున్న ఆ గోధుమరంగు జిగురులోనే ఈ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. కొత్త తొట్టిలో అది నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మీరేమో ప్రతి ఆదివారం ఇల్లు ఖాళీ చేయిస్తున్నారు. నేనూ ఒకప్పుడు పండక్కి చుట్టాలు వస్తున్నారని ఇలాగే తళతళలాడేలా కడిగి, చుట్టాలు వెళ్లేలోపు నాలుగు మోలీ చేపలను పోగొట్టుకున్నాను.

మీ తొట్టి పొడవు రెండడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగు చొప్పున అయితే 55 లీటర్లు పడుతుంది. వారానికి పావు వంతు, అంటే ఒక బకెట్ నీళ్లు మారిస్తే చాలు. చేపల్ని కదపొద్దు. ముందు ఫిల్టర్, హీటర్ ఉంటే అదీ, స్విచ్ ఆపేసి, నీళ్లు నింపిన పైపు ఒక కొస రాళ్లలోకి గుచ్చి రెండో కొస కిందున్న బకెట్లోకి వదిలితే అడుగున ఉన్న చెత్త నీళ్లతో పాటే వచ్చేస్తుంది. స్పాంజి నీళ్లు సరిగా లాగనప్పుడు, నెలకోసారి అనుకోండి, ఆ బకెట్ నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి, కుళాయి కింద మాత్రం వద్దు. సబ్బు అసలే వద్దు. అద్దం మీది పాకుడుకు పాత ఏటీఎం కార్డు చాలు. తీసిన నీళ్లు మొక్కలకు పోయండి, కరివేపాకు బాగా వస్తుంది.

కొత్త నీళ్ల దగ్గర జాగ్రత్త. మెట్రో వాటర్‌లో, అంటే చెన్నై కుళాయి నీళ్లలో, క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచండి, తొందరైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేయండి. మన ఎండలకు మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాగుతాయి కదా, అవి నేరుగా పోయకూడదు. ఇంకోటి, ఆవిరై తగ్గినంత పైపైన నింపడం నీళ్లు మార్చినట్టు కాదు: ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు లోపలే ఉండిపోతాయి. బోరు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. ఈ పని బాబుకు అప్పగించకండి, పిల్లలు డబ్బా ఒంపేస్తారు! మూడో చేప కావాలని మారాం చేసినా ఇప్పుడప్పుడే కొనొద్దు. గోల్డ్‌ఫిష్ చాలా పెద్దదవుతుంది, ఆ తొట్టికి ఉన్న రెండే ఎక్కువ.