పంటి నొప్పికి గొంతు కోయడమేంటి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మా వారికి 52 ఏళ్లు, మిర్చి యార్డులో గుమస్తా. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. కింది దవడ చివర పిప్పి పన్ను నొప్పి పెడుతుంటే, సీజన్‌లో సెలవు దొరకదని మెడికల్ షాపు బిళ్లలతో నెట్టుకొచ్చారు. నాలుగో రోజుకు గడ్డం కింద రెండు వైపులా వాచింది. ఆ రాత్రి నోరు తెరవలేక, పడుకోలేక, చొంగ కారుస్తూ కూర్చునే ఉన్నారు. తెల్లారేసరికి ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కాన్ కూడా తీయకుండానే గొంతుకు రంధ్రం పెట్టారు. తర్వాత గడ్డం కింద కోశారు. చీము చెంచాడు కూడా రాలేదట. ఇప్పుడు ఇంటికొచ్చేశారు, రంధ్రం పూడుతోంది. బిల్లు కోసమే కోశారని మా ఆడపడుచు భర్త అంటున్నారు. మేం మోసపోయామా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కేస్ షీటు నేను చూడలేదమ్మా. కానీ మీరు రాసినంత వరకు చూస్తే వాళ్లు చేసింది సరైన పనే.

కింది దవడలో చివరి పళ్ల వేర్లు నోటి అడుగున ఉండే కండరం కన్నా కిందికి దిగి ఉంటాయి. అందుకే అక్కడి ఇన్ఫెక్షన్ నోట్లోకి రాకుండా మెడలోకి దిగుతుంది. రెండు వైపులా పాకి నాలుకను పైకీ వెనక్కీ నెడుతుంది. గడ్డం కింద నొక్కితే చెక్కను నొక్కినట్టుంటుంది. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు కాబట్టి లుడ్విగ్స్ యాంజైనా అంటాం. గుండె యాంజైనాకూ దీనికీ సంబంధం లేదు. ఇందులో ప్రాణం తీసేది ఎక్కువగా చీము కాదు, ఊపిరి ఆడకపోవడం.

ఇక స్కాన్ సంగతి. సీటీకి వెల్లకిలా పడుకోవాలి. మీ వారు పడుకోలేకే కదా రాత్రంతా కూర్చున్నారు! పీజీ చేసే రోజుల్లో నేనే ఈ తప్పు చేశాను. ఇలాంటి వాపుతోనే వచ్చిన ఒక రైతును ముందు స్కాన్‌కు పంపాను. బల్ల మీద పడుకోబెట్టగానే మనిషి నీలం తిరిగిపోయాడు. మా సీనియర్ పరుగెత్తుకొచ్చి అక్కడికక్కడే గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయబట్టి బతికాడు. ఇప్పటికీ మెడ వాపుతో ఎవరొచ్చినా నేను ముందు అడిగేది, 'రాత్రి పడుకోగలిగారా?' అనే. కొందరికి ముక్కులోంచి సన్నని కెమెరా సాయంతో గొట్టం వేయొచ్చు. అది కుదరనప్పుడు గొంతు రంధ్రమే దిక్కు. ఊపిరి దారి భద్రం చేశాక, ఇన్ఫెక్షన్ ఛాతీలోకి దిగిందేమో చూడ్డానికి స్కాన్ తీస్తారు.

చీము రాలేదంటారా, ఈ జబ్బులో తరచూ రాదు. కణజాలమంతా ఉబ్బి బిగుసుకుపోతుంది. కోత పెట్టేది ఆ బిగువు వదలడానికి కూడా. యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కిస్తూనే ఉంటారు, షుగర్‌ను ఇన్సులిన్‌తో దించుతారు.

షాపులో ఇచ్చిన బిళ్లలేమిటో మీరు రాయలేదు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే నొప్పీ జ్వరమూ తగ్గినట్టుంటాయి, లోపల షుగర్ పెరుగుతుంది. స్ట్రిప్పులు మిగిలి ఉంటే మీ డాక్టరుకు చూపించండి. గడ్డం కింద వాపుతో పాటు గొంతు మారినా, ఉమ్మి మింగలేకపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. మనిషిని కూర్చోబెట్టే ఉంచి 108కి ఫోన్ చేయాలి. మీరు ఆ రాత్రి ఆగడం ఒక్కటే నాకు భయం వేసింది.

బిల్లులో లెక్క తేడా ఉందనిపిస్తే వివరంగా రాసివ్వమని అడగండి, అది మీ హక్కు. కోత మీద మాత్రం అనుమానం పెట్టుకోకండి.

ఇంతకీ ఆ పన్ను తీశారా? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా లేదు. ఇంకా అలాగే ఉంటే ఈ వారమే ఆపరేషన్ చేసిన డాక్టరుకు గుర్తుచేయండి. మీ వారు యార్డుకు వెళ్లేలోపు ఆ పని అయిపోవాలి.